పిడుగు ఎవరిమీద పడును?

ధ్యానమునకు: నిర్గమకాండము 9:13–26, యోబు 1, 38, 42 అధ్యాయములు, లూకా 9:51–56, 13:1–5



కడచిన వేసవిలో ఒక శనివారము సాయంకాలము ఆవకాయకు మామిడికాయలు కొనుటకై సికింద్రాబాదు మోండా మార్కెట్టుకు వెళ్లియుంటిని. మధ్యాహ్నమంతయు ఎండ నిప్పులు చెరిగినది. మూడు గంటలు దాటిన పిమ్మట స్టేషను వైపునుండి నడిచి వచ్చుచు తల యెత్తి చూడగా, పడమట ఒక తెల్లని మేఘము, బజారు గంపలో పేర్చిన గోబిపువ్వువలె, మొగ్గలు మొగ్గలుగా పైకి పెరుగుచుండెను. చూచుటకు బహు అందముగా నుండెను. నేను దానిని చూచి సంతోషించి, లోపలికి పోయి కాయల బేరములో పడితిని.

అరగంట గడువకమునుపే వెలుతురు తగ్గెను. చల్లని గాలి ఒక్కసారిగా కొట్టి గోనెపట్టాలను, నీలిరంగు ప్లాస్టిక్ కప్పులను లేవనెత్తివేసెను. సందులన్నిటిలో ఉల్లిపొట్టు ఎగిరెను. తరువాత పెద్ద పెద్ద చినుకులు, వాటితోకూడ శనగగింజలంతేసి వడగండ్లు. దుకాణములవారు షటర్లు దించుకొనిరి. కొనవచ్చిన మేమందరము ఒక రేకుల పందిరి క్రిందికి పరుగెత్తితిమి. నేలమీద గోనె పరచుకొని ఆకుకూరలు అమ్ముకొనువారు మాత్రము కదలలేదు. వారు పరుగెత్తినయెడల కూరలను ఎవరు మోయుదురు?

పందిరి క్రింద నా ప్రక్కను నిలిచిన పెద్దమనిషి భక్తిగలవాడే. ఆయన ఉరుము విని, నావైపు తిరిగి, “చూశారా మాస్టారూ, ఈ బజారులో తూకాల మోసం ఎక్కువైపోయింది. దేవుడు ఊరుకుంటాడా?” అనెను. నేను తల ఊపితిని. అంగీకరించి ఊపితినో, మర్యాదకు ఊపితినో ఇప్పుడు చెప్పలేను. ఆ మాట పందిరి అంచున గంపమీద వంగి కూర్చున్న ఒక ముసలామె చెవిని పడెను. ఆమె తల యెత్తకయే, “తూకం మోసం జేసెటోళ్లు షటర్ దించుకొని లోపట్నే ఉన్నరు సారూ. తడిసింది నేను. నా దగ్గర తరాజే లేదు, కట్టలు అమ్ముకుంట” అనెను.

మా ఇద్దరిలో ఎవరికిని జవాబు దొరకలేదు.

వాన వెలిసిన తరువాత నేను చేసిన పనిని కూడ చెప్పవలెను. కూర తడిసినది గనుక పది రూపాయలకు మూడు కట్టలిచ్చు పాలకూరను అయిదు కట్టలిమ్మని అడిగితిని. ఆమె ఇచ్చెను. ఇంటికి వచ్చి ఆ గొప్పను నా భార్యతో చెప్పితిని. ఆమె, “రోజూ వాళ్లు నీళ్లు చల్లి అమ్మే కూరే గదండీ. ఇవాళ పైనుంచి పడ్డాయి. దానికి ధర తగ్గించారా?” అని మాత్రము అని, వంటింటిలోనికి పోయెను.

పిడుగును వడగండ్లును ఎవరిమీద పడును? దోషిమీదనా, దొరికినవానిమీదనా? ఆ రాత్రినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు. దీనికి జవాబు వెదకుటకు ముందు ఆ మేఘము ఎట్లు పుట్టినదో చూచుట మంచిది. ఏలయనగా, కారణము తెలియనిచోటనే మనము తీర్పు చెప్పుటకు త్వరపడుదుము.

మన సికింద్రాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున, బండలమీద కట్టబడిన పట్టణము. ఏప్రిల్, మే మాసములలో ఈ బండలును, తారురోడ్లును, రేకుల కప్పులును ఉదయము మొదలుకొని కాగుచునే యుండును. నేలనంటియున్న గాలి వేడెక్కి, తేలికయై, నీటిలోని బుడగవలె పైకి లేచును. పైకి పోయినకొలది చుట్టునున్న గాలి ఒత్తిడి తగ్గును గనుక ఆ బుడగ వ్యాకోచించును, వ్యాకోచించి చల్లబడును. కిలోమీటరు ఎక్కినందుకు సుమారు 10 డిగ్రీలు చల్లబడునని లెక్క. అది ఒట్టి పొడిగాలియైనయెడల చుట్టునున్న గాలికంటె చల్లనై, బరువై, అక్కడనే ఆగిపోవును. అట్టి దినమున మనకు ఉక్కయే గాని వాన లేదు.

అయితే ఆ దినములలో బంగాళాఖాతమునుండి తడిగాలి తెలంగాణములోనికి చొచ్చుకొని వచ్చుచుండును. విదర్భ, ఛత్తీస్‌గఢ్ ప్రాంతములనుండి మనమీదుగా కర్ణాటక, తమిళనాడుల వరకు, రెండు దిక్కుల గాలులు ఎదురుపడు గీతవంటిదొకటి తరచుగా ఏర్పడును. వార్తలలో దీనినే ద్రోణి యని చెప్పుదురు. అక్కడ గాలికి పైకి పోవుట తప్ప వేరు దారి యుండదు. తడిగాలి రెండు, రెండున్నర కిలోమీటర్లు ఎక్కిన తరువాత అందలి ఆవిరి కంటికి కనబడని ధూళికణములమీద నీటితుంపురుగా మారును. అదే మేఘపు అడుగు. మేఘము పైన ఎన్ని మొగ్గలు వేసినను అడుగున బల్లపరుపుగా నుండుటకు కారణమిదే. గాలియంతయు ఇంచుమించు ఒకే ఎత్తున ఆ స్థితికి వచ్చును.

ఇక్కడనే అసలు సంగతి యున్నది. తడిబట్ట ఆరునప్పుడు ఒంటికి చల్లగా నుండును గదా? నీరు ఆవిరి యగుటకు వేడిని తీసికొనును. సముద్రముమీద ఎండ ఏ వేడిని ఖర్చుపెట్టి నీటిని ఆవిరి చేసినదో, ఆ వేడిని ఆవిరి మూటగట్టుకొని వందల కిలోమీటర్లు మోసికొని వచ్చి, తిరిగి నీరగునప్పుడు విప్పును. ఒక్క గ్రాము ఆవిరి సుమారు 600 కేలరీలు విడుచును. మోండా చుట్టునున్న ఒక చదరపు కిలోమీటరు మేర ఒక సెంటీమీటరు వాన కురిసినదనుకొందము. అది 10,000 టన్నుల నీరు. ఆ నీరు పైన ఏర్పడునప్పుడు విడుదలయైన వేడిని కరెంటు లెక్కలో చెప్పినయెడల సుమారు 70 లక్షల యూనిట్లు. ఆ వేడియే మేఘమునకు లోపలి పొయ్యి. దానిచేత లోపలి గాలి చుట్టునున్న గాలికంటె వెచ్చగా నిలిచి, ఇంకను ఇంకను పైకి పోవును. నేను చూచి సంతోషించిన గోబిపువ్వు ఈ పొయ్యిమీద ఉడుకుచుండినది.

అయిదు కిలోమీటర్లకు పైగా అంతయు గడ్డకట్టు చలి. అయినను చాల తుంపురు గడ్డకట్టక నీరుగానే యుండి, మంచుపలుకు తగిలినప్పుడు దానినంటుకొని గడ్డకట్టును. లేచుగాలి దానిని మోయగలిగినంతకాలము అది పొరమీద పొర వేసికొని వడగల్లగును. మేఘపు తల 12, 15 కిలోమీటర్ల వరకు పోయి, ఇక పైకి పోలేక, కమ్మరివాని దాగలివలె ప్రక్కలకు పరచుకొనును.

మేఘము మోయలేని బరువు నీటికి వచ్చినప్పుడు వాన దిగును. దిగుచు గాలిని తనతోకూడ క్రిందికి ఈడ్చును. కొంత చినుకు దారిలోనే ఆవిరియై ఆ గాలిని మరింత చల్లబరచును. ఆ చల్లని బరువైన గాలి నేలను తాకి నలుదిక్కులకు పరుగెత్తును. చినుకుకంటె ముందు మన కప్పులను ఎగురగొట్టు ఈదురుగాలి ఇదియే. అయితే ఇదే మేఘమునకు చావును తెచ్చును. క్రింద పరచుకొన్న చల్లగాలి, పైకి పోవుచుండిన వెచ్చని తడిగాలికి దారి మూసివేయును. అరగంట, గంటలో ఒక మేఘఖండము తన వానచేతనే తాను ఆరిపోవును. ఈ మూడు దశలను, అనగా పెరుగుట, పండుట, కూలుట అనువాటిని, హోరెస్ బయర్స్, రోస్కో బ్రహామ్ అను ఇద్దరు 1946లో ఫ్లోరిడాలోను, 1947లో ఒహాయోలోను ఉరుముల మేఘముల మధ్యనుండి విమానములు నడిపించి కొలిపించి, 1949లో ప్రకటించిరి. ఆ విమానములు నడిపినవారి పేర్లు మనకెవరికిని తెలియవు. వారు లేనియెడల ఈ పేరా వ్రాయుటకు నాకు వీలుండదు.

ఇక మెరుపు. లేచుగాలిలో చిన్న మంచుపలుకులును, కొంచెము పెద్దవైన మెత్తని వడగండ్లును ఒకదానినొకటి రాచుకొనును. ఆ రాపిడిలో పలుకులు సాధారణముగా ధనవిద్యుత్తును, బరువైనవి ఋణవిద్యుత్తును పొందును. తేలికవి పైకి పోవును, బరువైనవి నడుమ నిలుచును. ఆ విధముగా మేఘము రెండుగా చీలిన ఇల్లగును. 2014 డిసెంబరు 1న ఊటీలోని పరిశోధనశాలవారు ఆకాశమునుండి కురియు మ్యూయాన్‌లను లెక్కించి, ఒక్క మేఘములో 130 కోట్ల వోల్టుల భేదము ఏర్పడినట్లు కనుగొనిరి. గాలి ఓర్వగలిగినంత ఓర్చి తెగును. మేఘమునుండి ఒక సన్నని దారి సుమారు 50 మీటర్ల చొప్పున మెట్లు మెట్లుగా నేలవైపు దిగును. అది నేలను సమీపించినప్పుడు క్రిందనున్న ఎత్తైన వస్తువులనుండి, చెట్టునుండి, స్తంభమునుండి, పొలములో నిలువబడిన మనిషి తలనుండి, చిన్న చిన్న దారములు పైకి లేచును. వాటిలో ఏది ముందు కలిసికొన్నదో దానిమీదుగా పిడుగు పడును. ఆ దారిలోని గాలి సుమారు 30,000 డిగ్రీలకు కాగి ఒక్కసారిగా ఉబ్బును. ఆ దెబ్బయే ఉరుము.

చదువరులు గమనింపవలెను. ఈ క్రమములో ఎక్కడను తూకపురాళ్లను పరీక్షించు మెట్టు లేదు. ఎత్తును, దూరమును, ఆ క్షణమున ఎవరు ఎక్కడనున్నారనునదియు తప్ప పిడుగు వేరేమియు చూడదు. ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లు అని మన పెద్దలు సామెత చెప్పిరి గదా? సంబంధము లేనివానిమీద దెబ్బ పడునని వారు శాస్త్రము చదువకయే కనిపెట్టిరి. అయినను పిడుగును చూచినప్పుడెల్ల మనకు తీర్పే జ్ఞాపకమునకు వచ్చును. మన ఇరుగుపొరుగువారు ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలంచుకొందురు. వారిని చూచి నవ్వుటకు మనకు హక్కు లేదు. 1505 జూలై 2న మార్టిన్ లూథరు ఎర్ఫర్టుకు తిరిగి వచ్చుచుండగా, ష్టోటర్న్‌హైము దగ్గర పిడుగు పడినందున భయపడి, సన్యాసినగుదునని పరిశుద్ధురాలైన అన్నకు మ్రొక్కుకొనెను. ఆ పిడుగునుండి ఎంత గొప్ప చరిత్ర పుట్టినదో మనకు తెలియును. అయితే అంతకుముందు అదే బాటలో పిడుగుపాటుకు చచ్చినవారు ఉండియుందురు. వారినిగూర్చి దేవుడు ఏమి తలంచెను?

ఐరోపాలో దేవాలయపు గంటలు మ్రోగించినయెడల పిడుగు విరుగునని నమ్మి, ఆ అర్థముగల మాటలను గంటలమీదనే చెక్కించిరి. ఉరుములప్పుడు ఊరిలో అన్నిటికంటె ఎత్తైన గోపురములోనికి ఒక మనుష్యుని పంపి, తడిసిన త్రాడును లాగుమనుట! అందువలన ముప్పది చిల్లర సంవత్సరములలో వందకు పైగా గంట వాయించువారు చనిపోయిరని 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకము లెక్క చెప్పెను. ఫ్రాంక్లిను 1752లో గాలిపటముతో మెరుపు విద్యుత్తేనని చూపి, ఇనుపకడ్డీతో దానిని నేలలోనికి దింపవచ్చునని చెప్పినప్పుడు, దేవుని చేతిని ఆపుదురా అని కొందరు బోధకులు గొణిగిరి. 1755లో బోస్టనులో భూకంపము వచ్చినప్పుడు థామస్ ప్రిన్స్ అను బోధకుడు, ఈ కడ్డీలు ఆకాశపు విద్యుత్తును భూమిలోనికి దించినందుననే భూమి అదిరినదేమోనని వ్రాసెను. జాన్ విన్‌థ్రోప్ అను శాస్త్రజ్ఞుడు దానికి జవాబు చెప్పవలసి వచ్చెను. ఆ బోధకుడు అవివేకి కాడు, భక్తిహీనుడును కాడు. ప్రతి దెబ్బ వెనుకను ఒక కొరడా చేయి కనబడవలెనను కోరిక మనుష్యులలో అంత బలమైనది.

ఈ కోరికకు మన ప్రభువు శిష్యులే సాక్షులు. యాకోబు యోహానులకు ఉరిమెడువారని ప్రభువే పేరు పెట్టెను. సమరయుల గ్రామము తమను చేర్చుకొననప్పుడు వారు ఆకాశపు అగ్నిని పిలువగోరిరి. ప్రభువు వారిని గద్దించి, మారు మాటాడక, మరియొక గ్రామమునకు నడిచిపోయెను. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిన వార్త వచ్చినప్పుడు, వారు యెరూషలేములోని తక్కినవారికంటె అపరాధులు కారని ఆయన తేటగా చెప్పెను. మరణించినవారి పాపము మాటను విడిచి, బ్రదికి వినుచున్నవారివైపు తిరిగెను.

యోబు సంగతి చూడుడి. ఆయన గొఱ్ఱెలును పనివారును ఆకాశమునుండి పడిన అగ్నిచేత కాలిపోయిరి. పెనుగాలి యింటిని కొట్టగా బిడ్డలందరు మరణించిరి. రెండును తుపానులే. స్నేహితులు వచ్చి ఏడు దినములు మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచివారు. నోరు తెరచిన తరువాత వారు చేసిన వాదమంతయు మా పందిరిక్రింది పెద్దమనిషి వాదమే. కడపట దేవుడు మాటలాడెను, అదియు సుడిగాలిలోనుండియే. ఆయన యోబు పాపముల పట్టిక విప్పలేదు. మనుష్యుడు లేని ఎడారిమీద వాన కురిపించువాడెవడని అడిగెను. ఈ ప్రశ్నయొద్ద నేను చాలదినములు ఆగియున్నాను. మనుష్యుడే లేనిచోట కురియు వాన ఎవరికి బహుమానము? ఎవరికి శిక్ష? వాన మనలను దృష్టియందుంచుకొనియే కురియుననుకొనుట మన గర్వమేమో. ఆ స్నేహితులు తన్నుగూర్చి సరిగా పలుకలేదని దేవుడు చెప్పినట్లు ఆ గ్రంథపు చివరి అధ్యాయము తెలుపుచున్నది. దేవుని పక్షమున వాదించినవారే దేవునిచేత గద్దింపబడిరి.

అట్లయిన సమూయేలు గోధుమకోత కాలమున ఉరుములు రప్పింపలేదా, ఐగుప్తుమీద వడగండ్లు తీర్పుగా కురియలేదా అని కొందరడుగుదురు. అడుగవలసినదే. దానికి జవాబు చెప్పుటకు ముందు నా జీవితములోని ఒక సంగతి చెప్పవలసియున్నది. ఇంతవరకు వ్రాసినది నాకు సులువైన భాగము.

నేను ముప్పది సంవత్సరములు పల్లెబడులలో భౌతికశాస్త్రము చెప్పినవాడను. చాలకాలము క్రిందట నల్లగొండ జిల్లాలో నేను పనిచేయుచున్న ఊరిలో, మే నెలలో, మేకలు కాయుచున్న ఒక బాలుడు వాన రాగా చింతచెట్టు క్రిందికి పోయి పిడుగుపాటుకు మరణించెను. తొమ్మిదవ తరగతి ముగించిన బాలుడు. అయ్యగారు ఊరిలో లేనందున భూస్థాపనకు నన్నే ప్రార్థన చేయుమనిరి. తల్లి నా చేతులు పట్టుకొని, “ఏం పాపం జేసిండు సారూ నా కొడుకు?” అని అడిగెను. “పాపం కాదమ్మా, దేవుని చిత్తం” అంటిని. ఆమె మరి మాటలాడలేదు. మంచి మాట చెప్పితినని నాకు తోచెను. అక్కడనున్నవారు కూడ బాగుగా చెప్పితిరనిరి.

జూన్‌లో బడి తెరచిన తరువాత ఒక దినమున విద్యుత్తు పాఠము తీసి ఫ్రాంక్లిను గాలిపటము బొమ్మను నల్లబల్లమీద వేయుచుండగా నా చేయి ఆగిపోయెను. ఆ బాలునికి ఈ బొమ్మ నేర్పినవాడను నేనే. తటిద్వాహకమననేమి, పటము గీయుమని పరీక్షలో ఇచ్చుచుంటిని. వాడు గీసెను, మార్కులు వేసితిని. అయితే ఉరుము వినబడినప్పుడు చెట్టుక్రిందికి పోకుడని, చెట్టునుండి పిడుగు ప్రక్కనున్నవానిమీదికి దూకుననియు, వేరుల వెంబడి నేలలో ప్రాకుననియు, మేకలను వదలి కప్పుగల ఇంటిలోనికి పోవలెననియు, ఏ ఒక్క సంవత్సరమును ఏ ఒక్క పిల్లవానితోను నేను చెప్పలేదు. పుస్తకములో ఆ మాట లేదు. మేకలు కాచు పిల్లలకు ఆ పాఠము చెప్పుచున్నానని నాకు తట్టలేదు.

దేవుని చిత్తమని నేను చెప్పిన మాట అబద్ధమని ఇప్పుడు కూడ చెప్పజాలను. దేవుని చిత్తమెంతవరకో కొలుచు కొలబద్ద నాయొద్ద లేదు. ఆ దినమున నేను చెప్పియున్నను వాడు మరచిపోయి అదే చెట్టు క్రిందికి పోయియుండునేమో. అయినను ఆ మాటను నేను వాడిన విధము తప్పు. నేను చెప్పవలసియుండి చెప్పని మాటమీద దేవుని పేరును కప్పివేసితిని. ఆ తల్లి మరల అడుగకుండునట్లు చేసితిని. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రము అన్నట్లు, రోగమైనను, పంటనష్టమైనను, పిడుగైనను మన నోట ఒకే మాట సిద్ధముగా నుండును. ఇక్కడికి సమీపమున బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అను డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. అంతవరకు ఆ జ్వరము చెడుగాలివలన వచ్చునని లోకము నమ్మినది. ఆ దినము తరువాత ఇంటి ముందర నిలిచిన మురుగునీటికి ఇంటివాడు కొంత జవాబుదారి యాయెను. తెలిసికొనుట కొన్నిసార్లు నిదురను పోగొట్టును.

ఇప్పుడు ఐగుప్తు వడగండ్లకు వత్తము. ఆ అధ్యాయమును నేను ఎన్ని పర్యాయములు చదివితినో లెక్కలేదు, కాని ఒక సంగతిని ఆ బాలుని మరణము తరువాతనే గమనించితిని. అది తీర్పే, సందేహము లేదు. అయితే వడగండ్లు పడుటకు ఒక దినము ముందుగా, రేపు ఈ వేళకని గడియతోసహా, మోషే ఫరోకు తెలియజేసెను. పశువులను, మనుష్యులను లోపలికి రప్పించుకొనుమని చెప్పెను. శత్రువునకు చెప్పిన మాట అది. ఫరో సేవకులలో ఆ మాటకు భయపడినవారు తమ పనివారిని ఇండ్లలోనికి తెచ్చిరి. లెక్కచేయనివారు పొలములో విడిచిరి. పొలములో విడువబడినవారు ఎవరు? పనివారు. మాటను లెక్కచేయనిది యజమానుడు. వడగండ్ల క్రింద నిలిచినది దాసుడు. తీర్పు దినమున సహితము దేవుడు కప్పును, గడియను చూపించెను. ఆ కప్పు క్రిందికి పనివానిని రానిచ్చుట మాత్రము మనుష్యుల చేతిలో నుండిపోయెను. సమూయేలు ఉరుములలోను జనుల వరిగడ్డిపోచ కాలినట్లు వ్రాయబడలేదు. చూచి భయపడిరని మాత్రమే యున్నది.

నేడు మనకు ఆ గడియ చెప్పువారు కలరు. బేగంపేటలోని వాతావరణ కేంద్రమువారు పసుపు, నారింజ, ఎరుపు రంగులతో జిల్లాలవారీగా హెచ్చరికలు పంపుచున్నారు. పూనాలోని శాస్త్రజ్ఞులు చేసిన దామిని అను యాప్ మన చుట్టు పడుచున్న మెరుపులను సెల్‌ఫోనులోనే చూపును. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు అక్కడి విపత్తుల నివారణ సంస్థవారు లెక్కించిరి. పడినవాటిని ఒక్కటొక్కటిగా ఎన్నగలిగినంత తెలివి వచ్చినది. అయినను 2022వ సంవత్సరములో మన దేశమున పిడుగుపాటువలన 2,887 మంది మరణించిరని ప్రభుత్వ లెక్క. వీరిలో ఎక్కువమంది పొలములో నున్న రైతులు, కూలీలు, పశువుల కాపరులు. యాప్ లేకున్నను లెక్కకట్టు సులువైన ఉపాయమొకటి కలదు. మెరుపునకు ఉరుమునకు నడుమ మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. ముప్పది సెకండ్లలోపల ఉరిమినచో లోపలికి పోవలెను. చివరి ఉరుము తరువాత అరగంట బయటికి రాకూడదు. ఆదివారపు బడి పిల్లలకు ఈ మాటను వాక్యముతోపాటు కంఠతా పట్టించుచున్నాము. ఆలస్యముగానైనను.

రెండు వారముల తరువాత మరల మోండాకు పోయితిని. ఆమె అదే చోటున నుండెను. ఆకాశమున అట్టి మొగ్గల మేఘమే పడమట లేచుచున్నది. నేను ఆమెయొద్ద కూర్చుండి, ఆ మేఘము ఎట్లు పెరుగునో, ఎంతసేపటిలో గాలి కొట్టునో, ముందుగా ఎట్లు గుర్తుపట్టవలెనో నాకు తెలిసినంత వివరించితిని. ఆమె నా మాట ముగియువరకు కొత్తిమీర కట్టలు కట్టుచునే యుండి, చిన్నగా నవ్వి, “గది నాకెరుకనే సారూ. నలభై ఏండ్ల సంది చూస్తున్న. మబ్బు గట్లలేస్తే గంటల వానే. ఎరుకైతే ఏం జేయాలె? లేసిపోతే కూరెవరు కొంటరు? జాగ పోతది” అనెను.

చెప్పినచో చాలునని ఇంతవరకు అనుకొన్న నాకు అది రెండవ పాఠము. ఆమెకు తెలివి లోపము లేదు. కప్పు లేదు. ఆమె వెనుకనున్న దుకాణమునకు మెట్లపైన అరుగు, అరుగుమీదికి రేకుల చూరు ఉన్నవి. అక్కడ ఒక గంపకును ఒక మనిషికిని చోటు పట్టును. లోపలికి పోయి యజమానుని అడిగితిని. ఆయన నన్ను క్రిందినుండి పైకి చూచి, “మీరు ఏ ఆఫీసు నుంచి వచ్చారు?” అని అడిగెను. ఏ ఆఫీసు కాదని, వాన వచ్చినప్పుడు ఆ ముసలామెను మెట్టుమీదికి రానిత్తురా అని అడుగవచ్చితినని చెప్పితిని. ఒకరిని రానిస్తే పదిమంది వత్తురని ఆయన అనెను. అదియు నిజమే. చూస్తానని మాత్రము కడపట చెప్పెను.

అప్పటికి బయట గాలి చల్లబడెను. ఆమె తన గోనెపట్టా నాలుగు మూలలకును రాళ్లు పెట్టుకొనుచుండెను. ఒక మూలకు రాయి చాలలేదు. నేను వెదకి ఒకటి తెచ్చి ఇచ్చితిని.